అప్‌డేట్: అంగన్‌వాడీ పిల్లలను తిండి గురించి అడగడం

పోయిన నెల నేనడిగిన ప్రశ్న ఇది: హోంసైన్స్ పీజీ ప్రాజెక్టు కోసం నాలుగైదేళ్ల పిల్లలతో తిండి గురించి మాట్లాడాలి, తల్లుల సంతకాలుంటే సరిపోతుందా అని.

కాగితం మీద సరిపోతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో 7 ఏళ్ల నుంచి పిల్లల నోటిమాట సమ్మతి, 12 దాటాక రాతపూర్వక సమ్మతి అడగాలని ఉంది. ఏడేళ్ల లోపువాళ్లకు తల్లిదండ్రుల అనుమతే. కానీ మొదటిరోజే ఒక పాప క్రేయాన్లు పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. వాళ్లమ్మ సంతకం నా ఫైల్లోనే ఉంది! మీలో ఒకరు చెప్పినట్టు, దాన్ని 'వద్దు' కిందే లెక్కేసుకున్నాను.

తర్వాతి తప్పు పూర్తిగా నాదే. 'రాత్రి ఏం తిన్నారు?' అని అందరి ముందు అడిగేశాను. ఒక బాబు 'ఏం లేదు' అన్నాడు. వెంటనే ఆయా, 'వాళ్లమ్మ అంతేలెండి' అంది. ఇంకొకడు కూర పేరు చెప్పగానే పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను అడిగింది కూర గురించి కాదు, ఇంట్లో డబ్బు గురించి, కులం గురించి అని అప్పుడు వెలిగింది.

ఆ బాబు సంగతి గైడ్ మేడంతో చెప్పి, టీచర్‌తో విడిగా మాట్లాడాను. ఈ నెల బరువు జాగ్రత్తగా చూస్తానన్నారు.

ఇప్పుడు ఇంటి ఊసు ఎత్తట్లేదు, సెంటర్లో పెట్టే అన్నం, పప్పు, గుడ్డు గురించే అడుగుతున్నాను. చాక్లెట్లు పంచడమూ మానేశాను. టీచర్ ఎదురుగా ఉంటే గుడ్డు అందరికీ ఇష్టమే. ఆమె అటు వెళ్తే పచ్చసొన ఎవరికీ అక్కర్లేదు.

పిల్లలు తాము గీసిన బొమ్మలు ఇంటికి తీసుకెళ్తామన్నారు, ఫోటోలు తీసుకుని ఇచ్చేశాను. ఒకడు ఫోటో కూడా వద్దన్నాడు. అది నా డేటాలో లేదు.