పనిమనిషిని రావద్దన్నది మనమే. మరి మే నెల జీతం ఇవ్వాలా, అక్కర్లేదా?

నిజాంపేట కోడలు, 2020 మే 9, ఉదయం 11:20

మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారో చూద్దామని రాస్తున్నాను.

మా పనిమనిషి చివరిసారి వచ్చింది మార్చి 21, శనివారం. మర్నాడు జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే కరోనా వల్ల తెలంగాణలో లాక్‌డౌన్ అన్నారు. "ఉగాదికి వేపపువ్వు నేను తెస్తాలే, మీరు కొనకండమ్మా" అని చెప్పి వెళ్లింది. తీరా ఉగాది నాటికి దేశమంతా మూతపడింది. మా పచ్చడిలో చేదు కోసం చిటికెడు మెంతిపిండి వేశాను, అత్తయ్యగారికి చెప్పకండి.

అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచినందుకు నెలకు 2500. మార్చి, ఏప్రిల్ పూర్తిగా ఇచ్చాం. ఇప్పుడు మే. ఇక్కడ లాక్‌డౌన్ 29 దాకా పొడిగించారు, ఆ తర్వాతైనా మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రానిస్తుందో లేదో. "ఈ ఏడాది ఇంక్రిమెంట్ లేదన్నారు, ఇలా ఎన్ని నెలలని ఇస్తాం?" అంటారు మావారు. నాకేమో మనసొప్పడం లేదు. అలాగని నేనేం పెద్ద ధర్మాత్మురాలిని కాను. రాత్రి పదకొండింటికి సింకు ముందు నిలబడినప్పుడు "తోమేది నేను, జీతం ఆవిడకా" అని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు.

ఫ్లాట్ 402, మే 9, మధ్యాహ్నం 12:05

రెండు నెలలిచ్చారు, చాలండీ. పని ఉంటే జీతం, లేకపోతే లేదు. మా బావమరిది క్యాబ్ నడుపుతాడు. నలభై రోజులుగా బండి ఇంటి ముందే ఉంది, ఈఎంఐ మాత్రం ఆగదు. అతనికెవరిస్తున్నారు జీతం? తెల్లకార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 వేస్తోంది. ఊరికే ఇవ్వడం ఒకసారి అలవాటైతే రేపు అదే మామూలవుతుంది.

ఇంకో మాట. మే 6న వైన్ షాపులు తెరిచారు, ఆ లైన్లు చూశారుగా. మీరిచ్చే 2500 ఆ ఇంట్లో ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి.

బెజవాడ పిన్ని, మే 9, మధ్యాహ్నం 2:40

402 బాబూ, ముందు ఒకటి చెప్పు. మీ ఇంట్లో అంట్లెవరు తోముతున్నారు?

మా ఇంటి సంగతి చెప్తా విను. పాల ప్యాకెట్లు సర్ఫు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కూరగాయలు ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడిగి, గుడ్డ మీద పరవాలి. అందరూ ఇంట్లోనే కాబట్టి మూడు పూటలా వంట, మధ్యలో నాలుగుసార్లు టీ, టీవీలో మళ్లీ వేస్తున్న రామాయణం చూస్తూ నంజుకోవడానికి ఏదో ఒకటి. ఎవరికి వారు కొత్త గ్లాసు తీస్తారు. ఇప్పుడు ఆవకాయ రోజులు. ప్రతి ఏడూ మామిడి ముక్కలకు జీడి తీసి, పొర గీకి, తుడిచిపెట్టేది మా లక్ష్మే. ఈసారి పాతిక కాయలకే నా నడుం పడిపోయింది. ఆవిడ చేసే పనికి 2500 చాలా తక్కువని ఇన్నేళ్లకు తెలిసొచ్చింది. అందుకే ఇస్తున్నా.

ఫ్లాట్ 402, మే 9, మధ్యాహ్నం 3:15

పిన్నిగారూ, రోజూ చెత్తబుట్ట కింద పెట్టేది నేనే. ఆదివారం బిర్యానీ కూడా నేనే వండుతాను.

బెజవాడ పిన్ని, మే 9, మధ్యాహ్నం 3:22

బిర్యానీకి ఎన్ని గిన్నెలయ్యాయి నాయనా? ఆ హండీ అడుగు మాడితే గీకిందెవరు?

ఎడిసన్ నుంచి, మే 9, రాత్రి 8:10

అమెరికాలో మా ఇళ్లలో పనివాళ్లుండరు. వంట, బాత్రూమ్, గడ్డి కోయడం అన్నీ మేమే. పనిమనిషి లేకపోతే ఇంత టెన్షన్ ఏమిటో! అందరూ తలా ఒక చేయి వేస్తే గంటలో అయిపోతుంది. అసలు ఆ అలవాటే మానేయొచ్చుగా?

బెజవాడ పిన్ని, మే 9, రాత్రి 9:30

మేం మానేస్తాం బాబూ, మరి ఆవిడ ఏం తినాలి? మీకు అక్కడ ప్రభుత్వం 1200 డాలర్ల చెక్కు పంపిందట కదా. పని చేసినందుకే ఇచ్చారా అది?

విశ్రాంత ఉపాధ్యాయుడు, మే 10, ఉదయం 6:45

చర్చలో చట్టం ప్రస్తావన రాలేదు కాబట్టి రాస్తున్నాను. మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. మూతపడిన కాలానికి కూడా కోత లేకుండా వేతనం చెల్లించాలని అందులో ఉంది. అయితే అది పరిశ్రమలకు, దుకాణాలకు, వాణిజ్య సంస్థలకు చెప్పిన మాట. ఇళ్లలో పనిచేసేవారి పేరు అందులో లేదు. చట్టం మన గడప దాకా వచ్చి ఆగిపోయింది. కనుక నిజాంపేట అమ్మాయిని ఎవరూ బలవంతం చేయలేరు.

నా మట్టుకు నాకు మార్చి పెన్షన్ సగమే వచ్చింది. ఆ లెక్కన పనమ్మాయికీ సగం ఇద్దామని మా ఇంట్లో అన్నాను. "మీకు సగం వస్తే పేపర్లో రాశారు. దానికి సగమిస్తే ఎవరు రాస్తారు?" అని మా ఆవిడ మొత్తం ఇచ్చేసింది. నేను ఇప్పటికీ సగమే సబబంటాను. కష్టం అందరిదీ అయినప్పుడు కోత కూడా అందరూ పంచుకోవాలి కదా.

డిగ్రీ సెకండియర్, మే 10, ఉదయం 10:50

నేను ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మ నాలుగిళ్లలో పని చేస్తుంది, అందుకే రాస్తున్నాను.

నాలుగిళ్లలో ఒకరు ఏప్రిల్ జీతం మొత్తం ఇచ్చారు. ఒకరు సగం ఇచ్చారు. ఒకరు "ఇది అడ్వాన్స్, వచ్చాక కోసుకుంటాం" అన్నారు. నాలుగో ఇంటివాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ల పాప పుట్టినప్పుడు మూడు నెలలు నీళ్లు పోసింది మా అమ్మే.

402 అన్నా, మీరన్న 1500 మాకు రాలేదు. మా రేషన్ కార్డు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అక్కడ 1000 రూపాయలు ఇంటికి తెచ్చి ఇచ్చారట, మా ఇంటికి తాళం. ఇక్కడ వలస కూలీలకిచ్చే 12 కిలోల బియ్యం, 500 ఒకసారి వచ్చాయి, లేదనను. మూడు నెలలు అద్దె అడగొద్దని ముఖ్యమంత్రి టీవీలో చెప్పారు. మా ఓనర్ టీవీ బాగానే చూస్తాడు, ఆ రోజు మాత్రం చూడనట్టున్నాడు.

మా అమ్మ పనికి రానని అనలేదు. మార్చి 23న బస్సుల్లేవు, నడిచి వెళ్లింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "మీ బస్తీల్లోంచి రోగం తెస్తారని సార్లు భయపడుతున్నారు" అన్నాడట. అమ్మ ఇంటికొచ్చి ఆ మాట మూడుసార్లు చెప్పింది. తర్వాత వాచ్‌మన్ భార్యే ఆ బిల్డింగులో రెండిళ్లు పట్టింది. ఆవిడ మీద మాకు కోపం లేదు, ఆవిడకూ పిల్లలున్నారు.

మీ ఆఫీసులు మూసినా ఇంటినుంచి పని చేస్తున్నారు, జీతం వస్తోంది. అమ్మ మీ అంట్లు ఇంటి దగ్గరినుంచి తోమలేదు కదా. అదొక్కటే తేడా.

వైన్ షాపు మాట. మా నాన్న తాగడు. ఒకవేళ తాగినా, మీ జీతం ఎక్కడ ఖర్చు పెడుతున్నారని మీ మేనేజర్ అడిగి ఇస్తాడా?

ఫ్లాట్ 402, మే 10, మధ్యాహ్నం 12:30

తల్లీ, తాగుడు సంగతి నేను అందరినీ కలిపి అన్నాను, తప్పే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది మాత్రం తీసుకోను. వచ్చే నెల మా కంపెనీలో ఎవరుంటారో తెలియదు. నా ఉద్యోగం పోతే మీ అమ్మగారికి జీతం ఇవ్వగలనా? ఉన్నవాళ్లు ఇవ్వాలి, లేనివాళ్లను దోషుల్లా చూడకూడదు.

డిగ్రీ సెకండియర్, మే 10, మధ్యాహ్నం 12:48

లేనివాళ్లను ఎవరూ ఏమీ అనరన్నా. ఫోన్ ఎత్తి "ఈ నెల కుదరదు, పని మాత్రం నీదే" అన్నా చాలు. మా అమ్మకు అసలు భయం డబ్బు కాదు. గిన్నెలు కడిగే మెషిన్ కొంటున్నామని ఒకింట్లో అన్నారు, అదీ ఆవిడ బెంగ.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మే 10, మధ్యాహ్నం 1:10

అమ్మా, సగం అన్న నా మాట గురించి మళ్లీ ఆలోచిస్తాను. మాకు కోసిన సగం తర్వాత ఇస్తామన్నారు. మీ అమ్మగారికి ఆ మాట ఎవరూ చెప్పరు కదా.

నిజాంపేట కోడలు, మే 10, రాత్రి 9:05

అన్నీ మావారికి చదివి వినిపించాను. ఇంకా గొణుగుతున్నారు గానీ ఇద్దామన్నారు. రాత్రి అంట్లు ఆయన వంతని కూడా తేలింది. మొదటిరోజే నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు పీచుతో రుద్దేశారు.

ఇప్పుడొక సమస్య. మా పనిమనిషికి ఫోన్‌పే లేదు, బ్యాంకు దూరం. వాళ్ల వీధిలో ఉన్న కిరాణా అతనికి నేను పంపితే ఆ మేరకు సరుకులిస్తానంటున్నాడు. అలా చేయనా?

డిగ్రీ సెకండియర్, మే 10, రాత్రి 9:20

సరుకులు వద్దక్కా. ఆయన ఓ పది, ఇరవై పట్టుకున్నా సరే, డబ్బే చేతికి ఇవ్వమనండి. అద్దె కందిపప్పుతో కట్టలేం.