తాత పానాలు ఏ కాలంనాటివి? 13 ఎక్కదు, 14 వదులు

అడిగినవారు: తిరుపతి

పూతలపట్టు దగ్గర మా ఊళ్లో బావిగట్టు మీది ఇంజను షెడ్డు పడగొడుతుంటే గోనెపట్టాలో చుట్టిన పానాలు ఏడు దొరికాయి. మా తాత ఆయిలింజనుతో చెరకుతోటకు నీళ్లు కట్టినప్పటివి. ఒకదానిమీద 1/4 డబ్ల్యూ, 5/16 బీఎస్ అని ఉంది. కొలిస్తే నోరు పావు అంగుళం కాదు, అరంగుళం పైనే. ఇంకోదానిమీద మూడు గీతల బాణం గుర్తు. మరోదానిమీద 17, 19, 'మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ'. మిగతావి తుప్పు. తెలియక ఒకటి బఫింగుకు ఇచ్చాను. అద్దంలా వచ్చింది గానీ అక్షరాలు ఒక్కటీ మిగల్లేదు. ఆ బాధ ఇంకా పోలేదు. ఇవన్నీ ఒకే సెట్టేనా? ఏ కాలంనాటివి?

జవాబు: రేణిగుంట, రిటైరైన ఫిట్టరు

తమ్ముడూ, మిగతావాటిని మాత్రం బఫింగుకు ఇవ్వొద్దు. వయసు చెప్పేది ఆ అక్షరాలే.

డబ్ల్యూ అంటే విట్‌వర్త్. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన మరల కొలత, మర కోణం 55 డిగ్రీలు. ఆ పానామీద అంకె నోటి కొలత కాదు, బోల్టు కాడ లావు. పావంగుళం బోల్టుకు తల 0.525 అంగుళం, అంటే సుమారు 13.3 మిల్లీమీటర్లు. అందుకే 13 ఎక్కదు, 14 వేస్తే ఆడుతుంది. బీఎస్ అన్నది సన్నమర బోల్టుకు. దానికి తల ఒక సైజు చిన్నది కాబట్టి ఒకే నోటికి రెండు అంకెలు కొట్టారు. సన్నమర వచ్చింది 20వ శతాబ్దంలో, కాబట్టి నీ పానా అంతకుముందుది కాదు.

బాణం బ్రిటిష్ సర్కారు సొత్తు గుర్తు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిన సైన్యం సరుకు మన దేశంలో బాగా అమ్మారు. బాణం పక్కన ఏడాది కూడా కొట్టి ఉండొచ్చు, వెతుకు. వెస్ట్ జర్మనీ పానా మాత్రం 1949కీ 1990కీ మధ్యది, మిల్లీమీటర్లది. కాబట్టి ఇది ఒక సెట్టు కాదు. మీ తాత అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి కొనుక్కున్నట్టుంది. నాకైతే డబ్బాలో పెట్టి అమ్మిన సెట్టుకన్నా ఇదే గొప్ప.

తుప్పుకు కిరసనాయిల్లో రెండు రోజులు నానేసి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దు. తుడిచాక అక్షరాల్లోకి సుద్దపొడి రాసి, ఫోను టార్చి ఏటవాలుగా పెట్టి చూడు. వైరు బ్రష్షు, యాసిడ్ వద్దు.

జవాబు: చిత్తూరు, బుల్లెట్ మెకానిక్

అన్నా, మిల్లీమీటరు పానాతో నట్టు మూలలు అరగ్గొట్టుకుని వచ్చే పాత బుల్లెట్లు నా షెడ్డుకు ఇప్పటికీ వస్తుంటాయి. విట్‌వర్త్ పానా వేస్తే ఒక్క పట్టులో వదులుతుంది. గుజిరీకి మాత్రం వేయొద్దు.

అడిగినవారు: తిరుపతి

సార్, మీరు చెప్పినట్టే చేశాను. సుద్దపొడి రాయగానే బాణం పక్కన 1943 తేలింది! మా నాయన పిడికి చుట్టిన పాత సైకిల్ ట్యూబు ముక్క చూసి, అది చలికాలంలో చెయ్యి జారకుండా తాతే చుట్టాడన్నారు. దాన్ని అలాగే ఉంచేశాను. ఆదివారం ఊరికెళ్లి, షెడ్డులో మిగిలిన ఇంజను నట్లకు ఒక్కొక్కటీ వేసి చూస్తాను.