పుట్టగొడుగుల కూరతో మోకాళ్ల నొప్పి తగ్గుతుందా?

చండూరు వాసి:
మా అమ్మకు అరవై ఏళ్లు. నెలన్నరగా వారానికి మూడుసార్లు ముత్యపుచిప్ప పుట్టగొడుగుల కూర తింటోంది. మోకాళ్ల నొప్పి సగం తగ్గిందని, డాక్టరు రాసిన మాత్రలు ఇక వేసుకోనని అంటోంది. మానవచ్చా?

దేవరకొండ రైతు:
నిశ్చింతగా మానమనండి తమ్ముడూ. నొప్పిని, వాపును తగ్గించే గుణం వీటికి ఉందని ప్రయోగాల్లోనే తేలింది. ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగి కిడ్నీలు పాడుచేసుకున్నవాళ్లను మా ఊళ్లోనే చూశాను.

మర్రిగూడ ఉపాధ్యాయిని:
అన్నా, ప్రయోగాల మాట నిజమే. అవి ఎక్కువగా ఎలుకల మీద జరిగాయని కూడా చెప్పాలి కదా. ఎలుక కడుపులోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, నొప్పితో ఎన్నిసార్లు మెలికలు తిరుగుతుందో లెక్కపెడతారు. పుట్టగొడుగుల సారం ఇచ్చిన ఎలుకలు తక్కువసార్లు తిరిగాయి. అది చిక్కటి సారం, మనం తినేది కూర. పచ్చి పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీళ్లే. పావు కిలో వండితే నీరు పోగా మిగిలేది 25 గ్రాములు.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది మన నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్. నడుము వంగిపోయిన పెద్దలను చూస్తూ పెరిగినదాన్ని. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని, కీళ్లు బిగుసుకుపోయి వచ్చే నొప్పి అయితే ఏ కూరా దాన్ని బయటికి లాగలేదు. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అమ్మ ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నారా? ముందు అది చూడండి.

కూర మానమనను. వండేముందు కాసేపు ఎండలో ఆరబెడితే వాటిలో విటమిన్ డి తయారవుతుంది. ఎముకలకు అది మంచిదే.

దేవరకొండ రైతు:
మాత్రలతో కడుపులో మంట పుట్టి మా నాన్న పడిన బాధ నాకు తెలుసు అక్కా. తగ్గిందని ఆ తల్లే చెబుతుంటే ఆ మాటకు విలువ లేదా?

మర్రిగూడ ఉపాధ్యాయిని:
ఉంది. అందుకే అడుగుతున్నాను, ఈ నెలన్నరలో ఆమె రోజులో ఇంకేమైనా మారిందా? మాత్రలు పడకపోతే ఆ సంగతి డాక్టరుకే చెప్పి మార్పించుకోవాలి.

చండూరు వాసి:
మారింది. ఇంట్లో చెల్లెలి కాన్పు ఉండటంతో అమ్మ పత్తి చేనులో కలుపు తీయడానికి వెళ్లడం సరిగ్గా అప్పుడే మానేసింది. ఇంతవరకు ఆ రెండూ కలిపి చూడలేదు. తాగేది బోరు నీళ్లే. రేపు పరీక్షకు ఇస్తాను. డాక్టరును కలిసేదాకా మాత్రలు ఆపవద్దని అమ్మకు చెప్పాను. కూర మాత్రం ఉంటుంది, ఆమెకు ఇష్టం.