బ్రేక్ లైటు మలుపుల్లో వెలిగి ఆరిపోతోంది, ఈ బండితో శ్రీశైలం వెళ్లొచ్చా?

పాతబండి2011:
అన్నలకు నమస్తే. నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. పది రోజులుగా మీటర్ బోర్డులో ఎర్ర లైటు, అదే గుండ్రం మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉండేది, మలుపు తిరిగినప్పుడూ గట్టిగా బ్రేక్ వేసినప్పుడూ వెలుగుతోంది, తిన్నగా పోతుంటే ఆరిపోతోంది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించే ఉంటోంది. మా వీధి చివర మెకానిక్‌కి చూపిస్తే బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ తగ్గిందని కాస్త పోసి పంపేశాడు. రెండు రోజులు లైటు రాలేదు, వారం తిరక్కుండానే మళ్లీ మొదలైంది. శనివారం హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలనూ ఎనిమిది నెలల పాపనూ తీసుకుని శ్రీశైలం వెళ్లాలి. బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి. ఆయిల్ డబ్బా ఒకటి వెంట పెట్టుకుని పోతే సరిపోతుందా?

మెదక్ డ్రైవర్:
నా బండికి ఇలాగే వస్తే హ్యాండ్ బ్రేక్ లివర్ కింద ఉండే స్విచ్ పాడైందని తేలింది. లైటు వెలిగి ఉన్నప్పుడు లివర్‌ని చేత్తో ఇంకా కిందికి నొక్కి చూడండి, ఆరిపోతే అదే. చిన్న పని.

ఆటోనగర్ మేస్త్రి:
తమ్ముడూ, ముందు శనివారం ప్రయాణం ఆపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పైన అన్న చెప్పిన స్విచ్ సంగతి నిజమే, చాలా బండ్లలో అదే ఉంటుంది, కానీ నీ బండిలో ఆయిల్ పోయగానే లైటు పోయింది కాబట్టి స్విచ్ మీద అనుమానం పెట్టుకోవద్దు. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బాలో తేలే బెండు ఒకటి ఉంటుంది. మట్టం మినిమమ్ గీత దగ్గరికి వచ్చినప్పుడు మలుపుల్లో, బ్రేక్ వేసినప్పుడు ఆయిల్ ఒక పక్కకి ఒరుగుతుంది, బెండు కిందికి దిగి లైటు వెలుగుతుంది. అందుకే తిన్నగా పోతే ఆరిపోతోంది.

ఇక ఆయిల్ ఎందుకు తగ్గుతుందనేది అసలు విషయం. ముందు చక్రాల్లో డిస్కుని పట్టుకునే ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, అది తప్పు కాదు. కానీ ఆ తగ్గడానికి నెలలు పడుతుంది. వారంలో తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, అనుమానం అక్కర్లేదు. నాలుగు టైర్ల లోపలి వైపు తడి ఉందేమో చూడు, ముఖ్యంగా వెనకవి. డ్రమ్ములో వీల్ సిలిండర్, అదే ఆయిల్ ఒత్తిడితో లైనర్లను డ్రమ్ముకి నొక్కేది, దాని రబ్బరు పోతే ఆయిల్ లోపలే కారి ఆ లైనర్లను తడిపేస్తుంది, కొన్నాళ్ల దాకా కింద చుక్క కూడా పడదు. అక్కడ బాగుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) వెనక, అది బూస్టర్‌కి (పెడల్ తొక్కే బలాన్ని పెంచేది) ఆనుకునే చోట చూడాలి, అక్కడ కారితే బూస్టర్ లోపలికి పోతుంది కాబట్టి బయటికి కనపడదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ తొక్కి అర నిమిషం పట్టుకో, పాదం కింద మెల్లగా దిగిపోతుంటే బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించు.

బ్రేకులు బాగానే పడుతున్నాయన్న ధైర్యంతో ఘాట్ ఎక్కొద్దు. శ్రీశైలం దారిలో దోమలపెంట ఊరు దాటాక డ్యామ్ దాకా దిగుడే, మాటిమాటికీ తొక్కడమే. పాత ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. మరిగితే పైపుల్లో బుడగలు వస్తాయి, పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. ముందు ఓనర్ ఆయిల్ ఎప్పుడు మార్చాడో నీకు తెలుసా?

పాతబండి2011:
మేస్త్రి అన్నా, చాలా థాంక్స్. ఆయిల్ ఎప్పుడు మార్చారో రికార్డు లేదు, డబ్బాలో చూస్తే కాఫీ రంగులో ఉంది. ఎడమ వెనక టైరు లోపలి వైపు దుమ్ము తడిగా అంటుకుపోయి ఉంది. నిన్న వేరే గ్యారేజీలో డ్రమ్ము ఊడదీశారు, వీల్ సిలిండర్ రబ్బరు కిందనుంచి ఆయిల్ కారి ఒక లైనరు సగం నానిపోయింది. లైనర్ తుడిచి మళ్లీ వేస్తానంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ఆటోనగర్ మేస్త్రి:
ఒప్పుకోకు. ఆయిల్ పీల్చిన లైనర్ తుడిస్తే బాగుపడదు, ఆ పక్క బ్రేక్ సరిగ్గా పట్టదు, తడిలో బండి పక్కకి లాగుతుంది. రెండు వెనక చక్రాలకీ లైనర్లు, సిలిండర్లు కలిపే మార్పించు, కుడి పక్క సిలిండర్‌కి కూడా అదే వయసు. డబ్బా మూత మీద ఏ డాట్ అని ఉంటే అదే పోయించు. పాత ఆయిల్ అంతా తీసేసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి పోయేదాకా బ్లీడింగ్ చేయించు, నువ్వు పక్కనే నిలబడు. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయమను, రంగు ఊడిపోతుంది.

పాతబండి2011:
అన్నీ మార్పించాను అన్నా. పెడల్ ఇప్పుడు పైనే పడుతోంది, ఇంతకుముందు ఎంత లోపలికి వెళ్లేదో ఇప్పుడే తెలిసింది. శ్రీశైలం ప్రయాణం వచ్చే నెలకు మార్చుకున్నాం, అమ్మకి కారణం చెబితే వెంటనే సరేనంది. డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి రోజూ పొద్దున్నే చూస్తున్నాను. ఇవాళ్టికి ఆరో రోజు, గీత దగ్గరే ఉంది.