మే నెలలో తులసి ఆరబెడితే నల్లబడుతోంది: ఎప్పుడు కోయాలి, ఎలా దాచాలి?

సముద్రగాలి (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మాది మద్దిలపాలెం. డాబా మీద కుండీల్లోనూ సంచుల్లోనూ తోట పెంచుతున్నాను. ఎండలు ముదిరాక కూరగాయ మొక్కలన్నీ సెలవు తీసుకున్నాయి, మిగిలినవి మందుమొక్కలే. కృష్ణతులసి, పుదీనా, వాము ఆకు, నిమ్మగడ్డి, కలబంద, సబ్జా, పొడవాటి సంచిలో నిరుడు వానల్లో నాటిన వట్టివేరు.

వానాకాలం మొదలయ్యేసరికి ఇంట్లో తులసి పొడి సీసా ఉండి తీరాలన్నది మా అత్తగారి పట్టుదల. ఇన్నాళ్లూ ఆవిడే చేసేవారు, ఇప్పుడు ఆ పని నా మీద పడింది. సాయంత్రం మొక్కలకు నీళ్లు పోశాక ఆకు కోసి, శుభ్రంగా కడిగి, స్టీలు పళ్లెంలో పరచి గదిలో పెట్టాను. మూడు నాలుగు రోజులకు ఆకు నల్లబడి ముక్కిన వాసన వచ్చింది. ఇంకో విడత డాబా మీద ఎండలో పెడితే మధ్యాహ్నానికే ఎండిపోయింది కానీ, నలిపి చూస్తే ఎండుగడ్డి వాసన తప్ప తులసి వాసన లేదు. అత్తగారు సీసా మూత తీసి వాసన చూసి, మారు మాట్లాడకుండా మూత పెట్టేశారు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

కోయడానికి సరైన వేళ ఏది? కడగాలా, వద్దా? సబ్జా కంకులు గోధుమరంగుకు తిరుగుతున్నాయి, కోసేయవచ్చా? కుండనీళ్లలో వేసుకోవడానికి వట్టివేరు ఇప్పుడు తవ్వవచ్చా? ఇంకొక సంగతి: మా మామగారు ఒంటికి చలువ అని రోజూ పరగడుపున కలబంద గుజ్జు మజ్జిగలో కలుపుకొని తాగుతున్నారు. ఆయన షుగరు మాత్రలు వాడతారు. ఫరవాలేదా?

కర్నూలు పెరడు

సముద్రగాలి గారూ, మీ ఊరి గాలితో వచ్చిన చిక్కు ఇది. మా కర్నూల్లో ఈ రోజుల్లో తులసిని నీడలో పరిస్తే చూస్తుండగానే గలగలమంటుంది, గాలిలో తేమ ఉండదు కాబట్టి. మీకు సముద్రం పక్కనే. గాలే తడిగా ఉంటే ఆకులోని తడి ఎక్కడికి పోతుంది? కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని, కాస్త పాఠంలా అనిపిస్తే ఓర్చుకోండి.

కోసినంత మాత్రాన ఆకు చచ్చిపోదు. నెమ్మదిగా వాడుతున్నకొద్దీ కణాలు చెదిరి, లోపలి ఫినాల్ పదార్థాలు, ఎంజైములు, గాలిలోని ఆక్సిజన్ ఒకచోట చేరతాయి. కోసిన వంకాయ నల్లబడేది అందుకే, మీ తులసి నల్లబడిందీ అందుకే. ఆకు త్వరగా ఆరితే ఎంజైములు పనిచేయడానికి తడి దొరకదు. అలాగని ఎండలో పెడితే వాసన పోతుంది. తులసి వాసనంతా ఆకు మీది సూక్ష్మమైన నూనె గ్రంథుల్లో ఉంటుంది. ఆ నూనెలో ముఖ్యమైనది యూజెనాల్, లవంగానికి ఘాటునిచ్చేది కూడా అదే. మే నెలలో డాబా మీద మనమే కాలు పెట్టలేం, ఆ నూనె ఏం నిలుస్తుంది? వేడి తగలకుండా త్వరగా ఆరాలి, అంతే.

కోయబోయే ముందురోజు పొద్దున్నే మొక్కను పైనుంచి దుమ్మంతా పోయేలా తడపండి. పగటి ఎండకు ఆకు మీది తడి ఆరిపోతుంది, వేళ్లకు నీరు అందుతుంది, మర్నాడు కోశాక కడిగే పనే ఉండదు. కడిగిన ఆకు మీ ఊళ్లో ఆరడం చాలా కష్టం. మర్నాడు పొద్దున ఆకు మీద చెమ్మ ఉంటే అది ఆరాక, ఎండ చురుక్కుమనకముందే కోయాలి. సాయంత్రానికి ఆకు పగలంతా కాగి వడలి ఉంటుంది, అది మంచి వేళ కాదు. తులసిని కంకులు తొంగిచూస్తుండగానే, గింజ కట్టకముందే, ఆకుల జంటకు కాస్త పైన కత్తిరించండి. అక్కడినుంచి రెండు కొమ్మలు చీలుతాయి. కానీ ఎండాకాలంలో మూడో వంతుకు మించి తీయవద్దు. ఈ రోజుల్లో మొక్క తన ఆకుల నీడలోనే తాను బతుకుతుంది. గుండు కొట్టేస్తే కాండం మాడుతుంది, కుండీలో మట్టి కాగుతుంది, పోసిన నీళ్లు గంటలో ఆవిరైపోతాయి.

ఆరబెట్టడానికి స్టీలు పళ్లెం వద్దు, అడుగున గాలి ఆడదు. జల్లెడ కానీ, నులకమంచం మీద పలచటి పంచె కానీ మేలు. కాడలనుంచి దూసిన ఆకును ఒకదాని మీద ఒకటి పడకుండా పరచి పైన ఫ్యాను వేయండి. ఏసీ గది ఉంటే రాత్రి అందులో పెట్టండి. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమను నీళ్లుగా మార్చి గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. మీలాంటి ఊళ్లో దానికి మించిన ఆరబెట్టే యంత్రం లేదు. ఆకు వేళ్ల మధ్య పొడి అయిపోవాలి, ఈనె పుటుక్కున విరగాలి. అప్పుడు గాజుసీసాలో పోసి మర్నాడు చూడండి. సీసా లోపల చెమ్మ పట్టిందంటే మళ్లీ తీసి ఆరబెట్టవలసిందే.

ఎండిన ఆకును ఆకుగానే దాచండి. పొడి కొడితే గ్రంథులన్నీ పగిలి వాసన తొందరగా పోతుంది. కషాయం కాచేటప్పుడు గుప్పెట్లో నలిపి వేసుకుంటే చాలు. అత్తగారిని ఒప్పించే పని మాత్రం మీదే.

అన్నింటినీ ఎండబెట్టి సీసాలకెత్తాలన్న పంతం ఎందుకో నాకు అర్థం కాదు. వాము ఆకు మందంగా నీటితో నిండి ఉంటుంది, ఎండబెట్టబోతే కుళ్లుతుంది. అయినా ఏడాది పొడుగునా కాసే ఆకును దాచడమెందుకు? దగ్గొచ్చిన రోజు రెండు ఆకులు తుంచి చారులో వేస్తే సరి. వాములో ఉండే థైమాల్ ఈ ఆకులోనూ ఉంటుంది. పుదీనాను సగం నీడకు మార్చి, కావలసినప్పుడల్లా కొసలు తుంచి మజ్జిగలోకి వాడుకోండి. నిమ్మగడ్డి మాత్రం మీ ఊళ్లోనూ చక్కగా ఎండుతుంది. నేలకు జానెడు ఎత్తున కోసి, ముక్కలుగా కత్తిరించి నీడన వేయండి. అంచులు చెయ్యి కోస్తాయి, జాగ్రత్త.

సబ్జా సంగతి తొందరగా చూడండి. కంకి అడుగునుంచి మూడు వంతులు గోధుమరంగుకు తిరగగానే పొద్దున్నే కోసి, కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయండి. గింజలు వాటంతటవే రాలతాయి. మిగిలినవి అరచేతుల మధ్య నలిపి చెరిగితే వచ్చేస్తాయి. మామిడి జల్లు ఒక్కటి పడిందంటే గింజ కంకిలోనే తడిసి ఉబ్బి జిగురు కడుతుంది. అది మళ్లీ ఎండినా ముద్దలే.

వట్టివేరు ఇప్పుడు వద్దు. నిరుడు వానల్లో నాటారంటే ఇంకా ఏడాది కూడా నిండలేదు. ఆ వేరు సన్నగా ఉంటుంది, వాసన అంతంతే. ఏడాదిన్నర అయ్యాక, సంక్రాంతి ప్రాంతంలో తవ్వండి. అంతవరకు మూలికల దుకాణంలో వేళ్లు కొని, కడిగి, గుడ్డలో కట్టి కుండలో వేసుకోండి. రెండు మూడు రోజులకొకసారి తీసి ఎండలో ఆరనిచ్చి మళ్లీ వేయండి.

మామగారి కలబంద గురించి మందులు తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

మందుల చీటీ (గుంటూరు)

నేను ఫార్మసీ చదివి మందుల దుకాణం నడుపుతున్నాను. ఎండాకాలంలో మా కౌంటరు దగ్గర ఎక్కువగా వినబడే మాట కలబందే.

కలబంద మట్ట కోయగానే తొక్క కిందినుంచి పసుపుపచ్చటి చేదు పాలు కారతాయి. అందులో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది, గట్టి విరేచనకారి. మట్టను కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో నిలబెట్టి, ఆ పసుపు రసం పూర్తిగా కారిపోయాక, తొక్క మందంగా తీసి, గుజ్జును రెండు మూడు సార్లు కడగాలి. ఇది చేయకుండా రోజూ తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. పెద్దవయసులో, ఈ ఎండల్లో, నీరు అలా పోవడం చలువ ఎలా అవుతుంది? పైగా కలబంద చక్కెరను కొంత తగ్గించగలదు, షుగరు మాత్ర కూడా ఆ పనే చేస్తోంది. రెండూ కలిసి పరగడుపున చక్కెర మరీ పడిపోతే కళ్లు తిరుగుతాయి. మామగారిని ప్రస్తుతానికి ఆపమనండి. మళ్లీ తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పి, చక్కెర పరీక్ష చేయించుకున్నాకే. గర్భిణులు లోపలికి తీసుకోనే కూడదు.

తులసి కషాయం అప్పుడప్పుడు తాగితే మామూలుగా ఏమీ కాదు. రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం రోజూ గ్లాసులకొద్దీ తాగే ముందు డాక్టరును అడగాలి. తిప్పతీగ సంగతి వేరు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఖండిస్తూ, అదే జాతికి చెందిన వేరే తీగను తిప్పతీగ అనుకొని వాడి ఉండవచ్చని చెప్పింది. ఎవరి మాట నిజమైనా, కంచె మీద పాకుతున్న తీగను అదేనో కాదో తేల్చుకోకుండా తెచ్చి రోజూ తాగకండి.

సబ్జా గింజలు పూర్తిగా ఉబ్బాకే పిల్లలకు ఇవ్వండి, పొడిగింజలు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. ఇంకొకటి, సబ్జా నీళ్లు, నన్నారి (సుగంధిపాల లాంటి వేళ్లతో చేసే షర్బత్), వట్టివేరు నీళ్లు దాహానికి హాయి. వడదెబ్బకు అవి మందు కావు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒళ్లు కాలిపోతూ మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే తడిగుడ్డలతో ఒళ్లు తుడుస్తూ, గాలి ఆడనిస్తూ, వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏ కషాయమూ పోయకండి.

వేపపూత (హైదరాబాద్)

కర్నూలు మేడం గారూ, ఎండ తగలకూడదన్న మాట అన్నింటికీ వర్తించదేమో. మాది ఉప్పల్. ఉగాది సమయంలో మా వీధిలో వేపచెట్టు కింద పాత చీర పరచి, రాలిన పువ్వు ఏరి, ఈనెలు, పుల్లలు తీసేసి డాబా మీద ఎండలోనే పెడతాం. ఏడాదంతా నిలవ ఉంటుంది. నేతిలో వేయించి మొదటి ముద్దలో కలుపుకుంటే చేదు చేదుగానే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

కర్నూలు పెరడు

వేపపూత గారూ, మీరన్నది నిజమే. వేపపువ్వులో మనం దాచుకునేది చేదును. వేపలోని చేదు పదార్థాలు నూనెల్లా ఎగిరిపోయేవి కావు. తులసి, నిమ్మగడ్డి లాంటివాటిలో దాచేది సువాసనను, అందుకే నీడ. మునగాకునూ నీడనే ఆరబెట్టండి, ఎండకు అందులోని కెరోటిన్ పోతుంది.

సముద్రగాలి (విశాఖపట్నం)

అందరికీ ధన్యవాదాలు. మామగారు కలబంద ఆపారు, డాక్టరును అడిగాకే చూద్దామన్నారు. సబ్జా కోసి సంచిలో వేలాడదీశాను. రేపు పొద్దున తులసిని తడిపి ఎల్లుండి కోస్తాను.

మేడం గారూ, నన్నారి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సుగంధిపాల తీగ సంచిలో పెంచి, ఆ వేళ్లతో ఇంట్లోనే షర్బత్ చేసుకోవచ్చా?

కర్నూలు పెరడు

చేసుకోవచ్చు, ఓపిక ఉంటే. మా ఊళ్లో ఎండాకాలం బండ్ల మీద అమ్మే నన్నారిలో ఇప్పుడు చాలావరకు ఎసెన్సు, రంగు, చక్కెరే. అసలు వేళ్లతో కాచినది తాగినవాళ్లకు ఆ తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. సీమలో షర్బత్‌కు ఎక్కువగా వాడేది మారేడు కొమ్ములనే వేరే తీగ వేళ్లు, మారేడు చెట్టుతో వాటికి సంబంధం లేదు. నల్లమలలో, శేషాచలంలో వాటిని తవ్వీ తవ్వీ అడవిలో తీగ అరుదైపోయింది. అందుకని మీరు పెరట్లో పెంచుతానంటే నాకు సంతోషమే.

సుగంధిపాల ఆకు సన్నగా, ముదురు పచ్చగా ఉండి మధ్య ఈనె వెంట తెల్లచార కనిపిస్తుంది, తుంచితే పాలు వస్తాయి. జూన్‌లో తొలకరి పడ్డాక వేరుముక్కో, వేరున్న మొక్కో తెచ్చి, ఇసుక కలిపిన మట్టితో లోతైన సంచిలో నాటండి. పాకడానికి ఒక పుల్ల ఆసరా చాలు. కనీసం రెండేళ్లు వేరు జోలికి పోవద్దు. తర్వాత కూడా తల్లివేరును వదిలేసి పక్కవేళ్లే తీసుకోండి. మట్టి కడిగి, దంచి, లోపలి కట్టె తీసిపారేయండి, వాసనంతా పైబెరడులోనే ఉంటుంది. బెరడును మరిగించవద్దు. వేడినీళ్లు పోసి మూత పెట్టి రాత్రంతా నాననివ్వండి. బెల్లమో చక్కెరో విడిగా పాకం పట్టి, చల్లారాక వడకట్టిన నీళ్లు అందులో కలపండి. నిమ్మరసం తాగే ముందు గ్లాసులోనే పిండుకోవాలి, సీసాలో కలిపితే నిలవ ఉండదు.