అకౌంట్స్ ఉద్యోగమా, ఆడిట్ ఉద్యోగమా?

ప్రశ్న: నమస్కారం. బీకాం చదివాను. అకౌంటెంట్‌, ఆడిట్ అసిస్టెంట్‌ ఉద్యోగాలకి రెండు ఇంటర్వ్యూలున్నాయి. రెండూ లెక్కలే కదా, తేడా ఏమిటండీ?

జవాబు: లెక్కలు ఒకటే, నడక ఎదురు చెల్లెమ్మా. అకౌంటెంట్ బిల్లుతో మొదలుపెట్టి జర్నల్ (రోజువారీ నమోదు పుస్తకం), లెడ్జర్ (ఖాతాల పుస్తకం), ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయా చూసే పట్టిక) మీదుగా, ఆస్తులూ అప్పులూ చూపే బ్యాలెన్స్ షీట్‌కి చేరతారు. ఆడిటర్ బ్యాలెన్స్ షీట్ పట్టుకుని బిల్లు దాకా వెనక్కి వస్తారు.

ట్రయల్ బ్యాలెన్స్ కుదిరితే అంతా సరే అని మాత్రం అనకు. 8,000 పెట్టి కొన్న ప్రింటర్‌ని ఆస్తిగా కాక మరమ్మతుల ఖర్చులో రాసినా డెబిట్, క్రెడిట్ సమానమే. బిల్లు అసలు రాయకపోయినా అంతే, ట్రయల్ బ్యాలెన్స్ కిమ్మనదు. 5,400ని ఒకవైపు 4,500గా ఎక్కిస్తే మాత్రం 900 తేడా వస్తుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి.

మరో జవాబు: ఆడిట్‌లో కొత్తవాళ్ళు దెబ్బతినేది శాంపిల్ (పరీక్షకి ఎంచుకునే కొన్ని ఎంట్రీలు) దగ్గర. లెడ్జర్‌లోంచి ఎంట్రీ తీసి బిల్లు వెతికితే జరగని అమ్మకం బయటపడుతుంది. రాయకుండా వదిలేసిన అమ్మకం కావాలంటే డెలివరీ చలానాలు (సరుకుతో పంపే పత్రాలు) తీసుకుని లెడ్జర్‌లో వెతకాలి. లెడ్జర్‌లో లేనిది లెడ్జర్‌లోంచి తీసిన శాంపిల్‌లో ఎలా దొరుకుతుంది?

సంవత్సరాంతానికి అటూ ఇటూ ఉన్న చలానాలు తప్పక చూడాలి. పుస్తకాలు డిసెంబరు 31న ముగిసే కంపెనీలో ఇన్వాయిస్ డిసెంబరు 30న, సరుకు గోడౌన్ దాటింది జనవరి 3న అయితే ఆ అమ్మకం సాధారణంగా వచ్చే ఏడాదిదే. బాకీ ఇంతేనా అని బాకీదార్లకి రాసే నిర్ధారణ లేఖలకి జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. కంపెనీ ఆఫీసు చేతుల మీదుగా వస్తే దానికి సాక్ష్యంగా విలువ తగ్గిపోతుంది.

ఇంకో మాట: లెక్కలు తయారుచేసే బాధ్యత యాజమాన్యానిది. రాసినవారే వాటిని ఆడిట్ చేయకూడదు. ఆడిట్ రిపోర్టు ప్రతి పైసాకీ హామీ కాదు, ముఖ్యమైన తప్పులు లేవన్న సహేతుకమైన భరోసా మాత్రమే. ఉద్యోగం ఎక్స్‌టర్నల్ ఆడిట్‌లోనా, ఇంటర్నల్ ఆడిట్‌లోనా అన్నది ముందే అడగండి. ఎక్స్‌టర్నల్ అయితే బయటి ఆడిట్ సంస్థలో పని, ఇంటర్నల్ అయితే మామూలుగా కంపెనీ ఉద్యోగే.

ఒక్క లెక్క రెండు ఇంటర్వ్యూలకీ పనికొస్తుంది. అక్టోబరు 1న ఏడాది బీమాకి 12,000 కట్టారు, పుస్తకాలు డిసెంబరు 31న ముగుస్తాయి. ఈ ఏడాది మూడు నెలల ఖర్చు 3,000, వచ్చే ఏడాదికి ముందస్తు చెల్లింపు 9,000. అకౌంట్స్‌వాళ్ళు ఎంట్రీ వేయమంటారు. ఆడిట్‌వాళ్ళు ఆ 9,000 నిజమని ఎలా తేలుస్తారని అడుగుతారు: పాలసీలో తేదీలు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చెల్లింపు చూసి, మూడు నెలల ఖర్చు మీరే మళ్ళీ లెక్కకట్టి.