మిరప తొడిమలు తీసే చేతి బొమ్మ చొక్కా మీద వేశాను: రెండో విడత వేయవచ్చా?

ప్రశ్న (గుంటూరు):
శుభలేఖలు, చేతిసంచులు స్క్రీన్ ప్రింట్ చేసుకుంటూ వచ్చిన నేను ఈ వేసవిలో మొదటిసారి సొంత డిజైనుతో, మంగళగిరి నూలు గుడ్డ మీద 40 చొక్కాలు వేశాను. మిరప తొడిమలు తీస్తున్న చెయ్యి, దాని కింద "అన్నం కలుపుకున్నా మండుద్ది" అన్న మాట. ఆ మాట మిర్చి యార్డు దగ్గర పనిచేసే ఒకావిడ నాతో అన్నదే. విజయవాడ కాలేజీ పిల్లలు వారంలో అన్నీ కొనేశారు. ఒకటి ఆవిడకు ఇవ్వబోతే వెల అడిగి, "మా మంటకు ఇంత రేటుందా అమ్మా!" అని నవ్వారు. అప్పటి నుంచి రెండో విడతకు చెయ్యి రావడం లేదు. పైగా ఎరుపు రంగు ఉతుకుల్లో వెలిసిపోతున్నది, స్క్రీను జాలీ (మెష్) కూడా రంగుతో పూడుకుపోతున్నది. ఏం చేయమంటారు?

సమాధానం (విజయవాడ, ప్రింటింగ్ పని):
రంగు సంగతి చెబుతాను. మగ్గం గుడ్డలో గంజి ఉంటుంది. దాన్ని వదిలించకుండా వేస్తే రంగు గంజి మీద కూర్చుని, గంజితోపాటే పోతుంది. ముందు వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఆరబెట్టండి. మన ఎండలకు నీటి రంగు మెష్‌లోనే ఆరిపోతుంది కనుక ఫ్యాను ఆపి, ఒక్కో చొక్కా వేసిన వెంటనే స్క్రీను మీద రంగును మళ్లీ పరిచి ఉంచండి. ఆరాక వెనకవైపు నుంచి బాగా వేడిగా ఇస్త్రీ చేయండి. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ రంగు జోలికి మాత్రం పోవద్దు: దానికి 160 డిగ్రీల వేడి కావాలి, అదీగాక గుడ్డ మీద తోలులా పేరుకుని నూలు హాయిని చంపేస్తుంది.

సమాధానం (గుంటూరు):
1984లో బ్రిటన్ ఫ్యాషన్ డిజైనరు క్యాథరిన్ హామ్నెట్ అణు క్షిపణులకు వ్యతిరేకంగా పెద్ద అక్షరాలు అచ్చువేసిన టీషర్టు తొడుక్కుని తమ దేశ ప్రధాని మార్గరెట్ థాచర్ ఎదుట నిలబడ్డారు. తన మాటను తానే తొడుక్కుని, అది వినవలసినవారి దగ్గరికే తీసుకెళ్లారు. మీరేమో ఇంకొకరి మాటను బజారుకు తీసుకెళ్లారు. తప్పని అనను గానీ తేడా ఉన్నది. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు స్క్రీను మీద వేసిన పోస్టర్లకు సంతకాలు ఉండేవి కావు. ఏది వేయాలో సభలో అందరూ కలిసి తేల్చేవారు. మీరూ స్క్రీను తయారు చేయకముందే, కాగితం మీది బొమ్మను ఆ ఆడవాళ్ల ముందు పెట్టండి. వద్దంటే మానేయడానికి సిద్ధపడి మరీ వెళ్లండి.

సమాధానం (మంగళగిరి):
సభ సరే, డబ్బు మాటేమిటి? చొక్కాకు ఇంత అని వారికి ముట్టాలి. నేతగాడిని అయితే ఈ చర్చలో ఎవరూ తలవనే లేదు. చొక్కా కుట్టేటప్పుడు మంగళగిరి నేతకు గుర్తయిన నిజాం అంచును కత్తిరించి పారేస్తే ఆ గుడ్డ ఎక్కడిదో ఎవరికి తెలుస్తుంది? దాన్ని చేతి పట్టీకి వాడండి. పెడనలో చెక్క అచ్చు కలంకారీకి నకళ్లు వేసి, అచ్చులు కొట్టేవారి పని దెబ్బతీసింది కూడా స్క్రీనే. మన వైపు దానికి అంత మంచి పేరేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం కాగితం పట్టుకుని వెళ్లాను. డబ్బు సంగతి ముందే చెప్పాను, ఒప్పుకున్నారు. బొమ్మ దగ్గరే పేచీ వచ్చింది. "చెయ్యి మండుద్దని అందరికీ తెలుసు, కూలి తూకం మీద కదా, కాటా బొమ్మ వెయ్యి" అన్నారు. ఇక కాటా బొమ్మతో స్క్రీనుకు కొత్త ఫిల్ము తీయించాలి.